వాము: చిటికెలో ఔషధం, చెంచాలో ప్రమాదం

జంతికలు, చేగోడీలు చేసే రోజున పిండిలో వాము పడకపోతే ఆ వంటకానికి రుచి రాదు. పిల్లవాడు కడుపునొప్పి అని మెలికలు తిరిగితే ఇంట్లో పెద్దలు ముందుగా వెదికేది వాము డబ్బానే. బాలింతకు వాముపొడి, నెయ్యి కలిపిన అన్నం మొదటి ముద్దగా పెట్టే ఆచారం నేటికీ అనేక కుటుంబాలలో ఉన్నది. ఇంతగా మనకు అలవాటైన ఈ గింజలో ఏ పదార్థమున్నది? అది క్రిములను నిజంగా చంపుతుందా? చంపితే, ఎంత మోతాదులో? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మూడవ ప్రశ్నకు జవాబు నేను పుస్తకాలలో నేర్చుకోలేదు. నా పొరపాటు వలన నేర్చుకొన్నాను. మా తండ్రిగారు ఆయుర్వేద వైద్యులు. నేను కళాశాలలో రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. ఈ రెండు విద్యలూ కొంత తెలుసునన్న ధీమాయే ఒకనాడు నన్ను తప్పుదారి పట్టించింది. ఆ సంగతి దాచకుండా ఇక్కడే వివరిస్తాను.

శాస్త్రాలలో వాము

వామును సంస్కృతంలో యవానీ, దీప్యకం అంటారు. హిందీలో అజవాయిన్, తమిళంలో ఓమం. వృక్షశాస్త్రంలో దీని పేరు ట్రాకిస్పెర్మమ్ అమ్మి. కొత్తిమీర, జీలకర్ర, సోంపు దీని బంధువులే. రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రాలలో దీనిని విస్తారంగా పండిస్తారు. మన కర్నూలు ప్రాంతపు నల్లరేగడి నేలల్లోనూ ఇది చిరకాలంగా పండుతున్నది. కోతల తరువాత కర్నూలు మార్కెట్ యార్డు దరిదాపులకు వెళ్ళినవారికి ఆ ఘాటు ముక్కుపుటాలకు తగలక మానదు.

పదహారవ శతాబ్దానికి చెందిన భావప్రకాశంలో హరీతక్యాది వర్గంలో యవానీ గుణాలు చెప్పబడ్డాయి. ఇది కారం, చేదు రుచులు కలది. తేలికగా జీర్ణమవుతుంది. ఉష్ణవీర్యం కలది. జఠరాగ్నిని పెంచుతుంది, వాత కఫాలను, శూలను, క్రిములను అణచివేస్తుంది. వీటన్నిటినీ మనం సంతోషంగా చెప్పుకొంటాం. అదే చోట ఇది పిత్తాన్ని పెంచుతుందని కూడా ఉన్నది. ఆ ఒక్క మాటను మాత్రం సులువుగా మరచిపోతాం.

ఆ వాసన ఎక్కడిది?

మనం గింజ అనుకొనేది నిజానికి ఎండిన చిన్న కాయ. భూతద్దంలో చూస్తే దాని మీద నిలువు గాట్లు కనిపిస్తాయి. ఆ తొక్కలోని సన్నని నాళాలలో సుగంధ తైలం నిలువ ఉంటుంది. వామును అరచేతిలో నలిపినప్పుడు ఆ నాళాలు పగిలి తైలం గాలిలోకి వస్తుంది. నలపని వాము కంటే నలిపిన వాము ఘాటుగా ఉండడానికి కారణమిదే. పొడిచేసి మూత లేకుండా ఉంచితే నెల తిరిగేలోగా నిస్సారం కావడానికీ ఇదే కారణం.

నలగగొట్టిన వాము గుండా నీటి ఆవిరిని పంపి, ఆ ఆవిరిని చల్లబరిస్తే నీటి మీద తైలం తేలుతుంది. నూరు గ్రాముల వాము నుంచి సుమారు 2 నుంచి 4 గ్రాముల తైలం లభిస్తుంది. ఈ తైలంలో ముఖ్యమైన పదార్థం థైమాల్. సాధారణంగా తైలంలో ఇది 35 నుంచి 60 శాతం దాకా ఉంటుంది. మిగిలిన భాగంలో గామా టెర్పినీన్, పారా సైమీన్ అనేవి ఎక్కువగాను, పైనీన్, లిమోనీన్ వంటివి కొద్దిగాను ఉంటాయి. మొక్క ముందుగా గామా టెర్పినీన్‌ను తయారుచేసుకొని, దాని నుంచే థైమాల్‌ను నిర్మించుకొంటుంది. అందువలన నేల, వంగడం, కాయ ముదురుదనం మారితే ఈ పాళ్ళు కూడా మారిపోతాయి. ఒక సీసాలోని వాము తైలం, మరొక సీసాలోని వాము తైలం ఒకే బలం కలిగి ఉంటాయని అనుకోరాదు.

వాము పువ్వు

తైలాన్ని చల్లని చోట కదపకుండా ఉంచితే అందులోని థైమాల్ స్ఫటికాలుగా పేరుకొంటుంది. మన పచారీ దుకాణాలలో, మూలికల అంగళ్ళలో వాము పువ్వు అనే పేరుతో అమ్మేది దీనినే. పేరు పువ్వు అయినా ఇది మొక్కకు పూసిన పువ్వు కాదు. తైలం నుంచి విడదీసిన గాఢమైన రసాయన ద్రవ్యం. నీటిలో ఇది చాలా కొద్దిగా, లీటరుకు సుమారు ఒక గ్రాము మాత్రమే కరుగుతుంది. నూనెలో, సారాయిలో బాగా కరుగుతుంది. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు దీని అవసరం రానున్నది.

ఐరోపాలో 1719 ప్రాంతంలో కాస్పర్ నాయిమన్ అనే జర్మన్ రసాయనవేత్త థైమ్ అనే మొక్క తైలం నుంచి ఈ పదార్థాన్ని వేరుచేశాడు. ఆ మొక్క పేరు మీదనే దీనికి థైమాల్ అనే పేరు వచ్చింది. అయితే దానికన్నా మన వాములో ఇది సమృద్ధిగా ఉన్నందున మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు వాము బస్తాలు జర్మనీకి ఓడలలో తరలిపోయేవి. 1914లో యుద్ధం వచ్చి ఆ దారి మూసుకుపోయింది. తరువాతి కాలంలో మెటాక్రెసాల్ నుంచి థైమాల్‌ను కర్మాగారాలలో తయారుచేయడం మొదలై వాము ఎగుమతికి ఆ ప్రాముఖ్యం తగ్గిపోయింది. నేడు అంగడిలో దొరికే వాము పువ్వు వాము నుంచి వచ్చిందో, కర్మాగారం నుంచి వచ్చిందో కంటితో చూసి చెప్పలేము.

వామాకు వేరు, వాము వేరు

పెరటిలో, కుండీలలో దళసరి ఆకులతో పెరిగే వామాకు మొక్క వాము మొక్కేనని చాలామంది భావిస్తారు. అది పొరపాటు. వామాకును కర్పూరవల్లి అని కూడా అంటారు. అది తులసి కుటుంబానికి చెందినది. మరి ఒకే వాసన ఎందుకు? వామాకు తైలంలో థైమాల్‌తోపాటు, తరచు దానికన్నా ఎక్కువగా, కార్వక్రాల్ అనే పదార్థం ఉంటుంది. రెండింటిలోనూ ఉన్నవి 10 కార్బన్, 14 హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ పరమాణువులే. ఆక్సిజన్‌తో కూడిన భాగం అతుక్కొన్న చోటు మాత్రమే వేరు. అక్కచెల్లెళ్ళ వంటి ఈ రెండు పదార్థాల వలననే మన ముక్కు ఆ రెండు మొక్కలనూ ఒకటిగా పోల్చుకొంటున్నది.

క్రిములను ఎలా అణచివేస్తుంది?

థైమాల్, కార్వక్రాల్, లవంగంలోని యూజినాల్ మూడూ ఫీనాల్ వర్గానికి చెందినవి. ఇవి కొవ్వులో కరుగుతాయి. బాక్టీరియా దేహాన్ని చుట్టి ఉండే కణత్వచం కొవ్వు పదార్థంతో నిర్మితమైనది. ఫీనాల్ ఆ పొరలో కరిగి దానిని సడలిస్తుంది. లోపలి పొటాషియం బయటికి కారిపోతుంది. శక్తిని ఉత్పత్తి చేసే ఏర్పాటు నిలిచిపోయి క్రిమి నశిస్తుంది. చీముపట్టించే స్టాఫిలోకాకస్ వంటి బాక్టీరియాలు, అనేక రకాల బూజులు దీనికి సులభంగా లొంగుతాయి. పైన అదనపు కవచం కలిగిన సూడోమోనాస్ వంటివి మాత్రం తేలికగా లొంగవు.

దీనిని నేను స్వయంగా చూశాను. మా కళాశాలలోని ఒక మిత్రుడు అగార్ అనే గంజి వంటి పదార్థం పోసిన గాజు పళ్ళెంలో బాక్టీరియాను పరచి, దాని మధ్యలో వాము తైలంలో ముంచిన చిన్న కాగితపు బిళ్ళను ఉంచాడు. మరునాడు ఉదయానికి పళ్ళెమంతా పాలమీగడ వలె బాక్టీరియా పెరిగింది. బిళ్ళ చుట్టూ మాత్రం అద్దంలాంటి నిర్మలమైన వలయం ఏర్పడింది. మా తండ్రిగారు చెప్పినదానికి కంటి ఎదుట సాక్ష్యం దొరికిందని నేను పొంగిపోయాను. మా ఊరి గ్రంథాలయంలో ఆ విషయమై ఉపన్యాసం కూడా ఇచ్చాను. వాము పువ్వు ముందు ఏ క్రిమీ నిలువదని ఆ సభలో అన్నాను.

నేను చేసిన పొరపాటు

వాము పువ్వు, పిప్పరమెంటు పువ్వు, కర్పూరం మూడూ సమభాగాలుగా సీసాలో వేసి కదిపితే, నీరు చేర్చకుండానే, వేడి చేయకుండానే కరిగి ద్రవమైపోతాయి. ఒక్కొక్కటి విడిగా ఉన్నప్పుడు గడ్డ కట్టి ఉండే ఈ పదార్థాలు కలిసినప్పుడు వాటి ద్రవీభవన స్థానం గది ఉష్ణోగ్రత కంటే కిందికి దిగుతుంది. ఇదే మనకందరికీ తెలిసిన అమృతధార. పెద్దవారికి అజీర్తికి రెండు మూడు చుక్కలు నీటిలో వేసి ఇవ్వడం మా ఇంటి అలవాటు. నేను దానిని చిన్న సీసాలలో పోసి వీధిలోని వారికి ఉచితంగా పంచేవాడిని. సీసాకు చీటీ అంటించలేదు. పిల్లలకు వాడవద్దని చెప్పలేదు.

1996 డిసెంబరులో ఒక రాత్రి మా వీధిలోని ఒక తల్లి రెండేళ్ళ కొడుకును భుజాన వేసుకొని పరుగున వచ్చింది. పిల్లవాడికి నాలుగు రోజులుగా దగ్గు, జలుబు. అంతకు అరగంట ముందు ఆమె నా సీసాలోని మందును తేనెలో కలిపి ఒక చెంచాడు తాగించింది. వాడు కొంత ఉమ్మివేశాడు, కొంత మింగాడు. మా గుమ్మంలోనే వాడి కళ్ళు తేలిపోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకోసాగాయి. వెంటనే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాము.

అక్కడి వైద్యుడు సీసాను వాసన చూసి నన్ను రెండే ప్రశ్నలు అడిగాడు. “ఇందులో ఏమేమి ఉన్నాయి? ఏది ఎంత ఉన్నది?” మొదటిదానికి మూడు పేర్లు చెప్పాను. రెండవదానికి జవాబు చెప్పలేకపోయాను. జీవితమంతా విద్యార్థులకు తూకం ప్రాధాన్యాన్ని బోధించిన నేను, ఆ మందును కంటి అంచనాతో కలిపాను.

వరండాలో కూర్చొని ఏడుస్తూ ఆ తల్లి అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. “సార్, క్రిములు చస్తాయంటిరి కదా. ఎక్కువ పోస్తే తొందరగా చస్తాయనుకొంటిని.” ఆమెను తప్పుపట్టడానికి నాకు మాట దొరకలేదు. నా ఉపన్యాసంలో నుంచి ఆమె తీసుకొన్న అర్థం సహజమైనదే. మూడవ రోజు ఉదయం పిల్లవాడు లేచి కూర్చొని పాలు తాగాడు. ఇంటికి వచ్చి మిగిలిన సీసాలన్నీ వెనక్కు తెప్పించుకొన్నాను. త్రాసు ముందు పెట్టుకొని ఆ రాత్రి చేయవలసిన లెక్కను అప్పుడు చేశాను.

ఆ లెక్క ఇది

అర చెంచా వాము సుమారు ఒక గ్రాము తూగుతుంది. అందులో తైలం 3 శాతమనుకొంటే 30 మిల్లీగ్రాములు. అందులో థైమాల్ సగమనుకొంటే 15 మిల్లీగ్రాములు. కషాయం కాచినప్పుడు అందులోనూ కొంత ఆవిరిగా పోతుంది. ఇక సమభాగాల అమృతధార ఒక చిన్న చెంచాడు సుమారు నాలుగున్నర గ్రాములు. అందులో థైమాల్ ఒకటిన్నర గ్రాము. అంటే నూరు మోతాదుల వాము ఒక్క గుక్కలో వెళ్ళినట్లు. దానితోపాటు కర్పూరం మరొక ఒకటిన్నర గ్రాము. ఒక్క గ్రాము కర్పూరం పసిబిడ్డ ప్రాణం తీసిన సందర్భాలు వైద్య గ్రంథాలలో నమోదై ఉన్నాయి. ఆ రాత్రి మూర్ఛకు ముఖ్య కారణం కర్పూరమే. దానికి తోడైన థైమాల్, తేనెతో కలిపినంత మాత్రాన మెత్తబడే పదార్థం కాదు.

పళ్ళెంలోని గెలుపు, దేహంలోని పరిస్థితి

మరి పళ్ళెంలో నేను చూసిన వలయం అబద్ధమా? అబద్ధం కాదు. దాని అర్థాన్ని నేను సరిగా గ్రహించలేదు. సాధారణ బాక్టీరియా పెరుగుదలను నిలపడానికి థైమాల్ ఒక మిల్లీలీటరు ద్రవానికి దాదాపు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల దాకా కావలసి ఉంటుంది. గొంతునొప్పి కలిగించే స్ట్రెప్టోకాకస్‌ను పెన్సిలిన్ ఇందులో వెయ్యవ వంతుకన్నా తక్కువ మోతాదుతో అణచగలదు. పెద్దవారి శరీరంలో రక్తం దాదాపు 5 లీటర్లు. రక్తంలో మాత్రమే ఆ గాఢత రావాలన్నా ఒక గ్రాము థైమాల్ మార్పు చెందకుండా నిలిచి ఉండాలి. అది రక్తంలోనే ఆగదు, ఇతర ధాతువులకు వ్యాపిస్తుంది. పైగా కాలేయం దానిని త్వరగా వేరే రూపాలలోకి మార్చి మూత్రం ద్వారా పంపివేస్తుంది. కనుక న్యుమోనియాను గాని, టైఫాయిడును గాని వాము తైలంతో నయం చేయాలనుకోవడం వృథా ప్రయత్నం. ఆ ప్రయత్నంలో పోగొట్టుకొనే కాలం ఇంకా ప్రమాదకరం.

కడుపులోకి గ్రాముల కొద్దీ థైమాల్ ఇచ్చిన కాలం కూడా ఒకటి ఉన్నది. 1880 ప్రాంతం నుంచి కొన్ని దశాబ్దాలపాటు కొంకిపురుగుల నిర్మూలనకు దీనిని వాడారు. 1909లో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో రాక్‌ఫెల్లర్ సంస్థ ప్రారంభించిన ఉద్యమంలో ముఖ్యమైన మందు ఇదే. దీనిని గొట్టాలలో పెట్టి మింగించి, తరువాత భేదిమందు ఇచ్చేవారు. ఆ రోజున నూనె, నెయ్యి, సారాయి తగలరాదని గట్టిగా చెప్పేవారు. పైన చెప్పిన కరిగే గుణం ఇక్కడ గుర్తుకు తెచ్చుకోండి. కొవ్వులో, సారాయిలో కరిగితే థైమాల్ పేగు దాటి రక్తంలోకి ఎక్కువగా చేరి విషమయ్యేది. అంతకన్నా మంచి మందులు రాగానే దానిని విడిచిపెట్టారు.

నేడు థైమాల్ గౌరవంగా నిలిచిన చోటు నోటి పుక్కిలింత మందులు. లిస్టరిన్ అనే ప్రసిద్ధమైన పుక్కిలింత ద్రవంలో దీని పాలు 0.064 శాతం మాత్రమే. పుక్కిలించి ఉమ్మివేస్తాము గనుక అది క్రిమికి నేరుగా తగులుతుంది, దేహంలోకి పోదు. సుగంధ తైలాల క్రిమిహర శక్తిని వాడుకోవలసిన పద్ధతికి ఇది మంచి ఉదాహరణ.

ఇంట్లో వాడుకొనే తీరు

అజీర్తి, పొట్ట ఉబ్బరం: పెద్దవారు పావు చెంచా వామును చిటికెడు ఉప్పుతో నమిలి, పైన గోరువెచ్చని నీరు తాగవచ్చు.

వాము నీరు: అర చెంచా వామును నలిపి గ్లాసు నీటిలో వేసి మూతపెట్టి అయిదు నిమిషాలు కాచాలి. వడగట్టి రోజుకు ఒకటి రెండు సార్లు తాగవచ్చు. మూత పెట్టకుండా కాస్తే గుణం గాలిలో పోతుంది.

మజ్జిగ: పలుచని మజ్జిగలో వేయించిన వాముపొడి చిటికెడు, ఉప్పు కలిపి భోజనానంతరం తీసుకోవచ్చు.

నోటి దుర్వాసన: చల్లారిన వాము నీటితో పుక్కిలించి ఉమ్మివేయాలి.

జలుబు: పెద్దవారు వేడిచేసిన వామును గుడ్డలో మూటకట్టి వాసన చూస్తే ముక్కు తేలికపడినట్లనిపిస్తుంది. ఇది ఉపశమనమే, జలుబుకు చికిత్స కాదు.

వాము కొనేటప్పుడు నాలుగు గింజలు అరచేతిలో నలిపి చూడండి. ఘాటు రాకపోతే అది పాతది గాని, తైలం తీసివేసిన పిప్పి గాని అయి ఉంటుంది. గాజుసీసాలో, బిగుతైన మూతతో, ఎండ తగలని చోట ఉంచండి. పొడి అప్పటికప్పుడు చేసుకోవడం మేలు.

తప్పక పాటించవలసిన జాగ్రత్తలు

వాము పువ్వు, వాము తైలం, అమృతధార, నీలగిరి తైలం, కర్పూర తైలం పిల్లలకు లోపలికి ఇవ్వరాదు. పసిబిడ్డల ముక్కుల వద్ద, ముఖం మీద పిప్పరమెంటు, కర్పూరం కలిసిన మందులు రాయరాదు. ఊపిరి బిగుసుకుపోయే ప్రమాదమున్నది.

గర్భిణులు వంటలోని వామును భయపడనక్కర లేదు. తైలం, వాము పువ్వు మాత్రం తీసుకోరాదు. మూర్ఛవ్యాధి ఉన్నవారు కర్పూరం కలిసిన మందులను మింగరాదు. కడుపులో మంట, పుండు, పిత్తాధిక్యం ఉన్నవారు వాము నీటిని కూడా మితం చేసుకోవాలి.

తైలాన్ని విడిగా చర్మం మీద రాస్తే బొబ్బలు రావచ్చు.

మూడు రోజులు మించిన జ్వరం, ఆయాసం, మలంలో రక్తం, పిల్లలలో విడవని వాంతులు కనిపిస్తే గృహవైద్యం ఆపి వైద్యుని వద్దకు వెళ్ళాలి.

పిల్లవాడు ఇటువంటి మందు మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయవద్దు. మూర్ఛ ఏ క్షణమైనా రావచ్చు. సీసాను వెంట తీసుకొని నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

అమృతధారను నేను ఇప్పటికీ తయారుచేస్తాను. మూడు ద్రవ్యాలనూ తూచి కలుపుతాను. ప్రతి సీసాకు చీటీ అంటించి ఏది ఎంత ఉన్నదో, పెద్దవారికి ఎన్ని చుక్కలో, పిల్లలకు నిషిద్ధమని పెద్ద అక్షరాలతో వ్రాస్తాను. పసిపిల్లలున్న ఇంటికి అసలే ఇవ్వను. పాఠకులు కూడా ఈ వ్యాసం చదవడం ముగించగానే తమ ఇంటి అలమరను ఒకసారి తెరిచి చూడవలసిందిగా కోరుతున్నాను. చీటీ లేని సీసా ఏదైనా ఉంటే, అది ఎంత మంచి మందైనా సరే, ఈ రోజే తీసివేయండి. వాము డబ్బాను మాత్రం ఉన్నచోటనే ఉండనివ్వండి.